కవర్లో స్థూలకాయం

సర్కారు కాగితాల మీద స్థూలకాయ సందేశం అచ్చేయాలని, ఆఫీసుల్లో ఏ తిండిలో నూనె, చక్కెర ఎంతో చెప్పే బోర్డులు వేలాడదీయాలని కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. లెటర్‌హెడ్డు, కవరు, నోట్‌ప్యాడు, ఫోల్డరు: పూటకొక మోతాదు. మా సిరిసిల్ల నేతన్న అగ్గిపెట్టెలో చీర పెడితే అబ్బురపడ్డాం. ఢిల్లీ ఏకంగా రోగాన్నే కవర్లో పెట్టి అంటించింది.

ఇంత చవకైన వైద్యం ఒక్క జబ్బుకేనా? వేములవాడ ఆస్పత్రికీ దయచేయించండి. కిడ్నీ వార్డు తలుపు మీద ‘రాళ్లు పెంచకండి’ అని రాస్తే సర్జన్‌కు సెలవు. కాలు విరిగినోనికి కట్టెందుకు, ‘చూసి నడువు’ అని ఫోల్డరిస్తే సరి. పురిటి వార్డులో ‘జల్ది కనుండ్రి’. రాజన్న కోడె మొక్కు క్యూలో ఆయాసపడే అక్కకు లెటర్‌హెడ్డుతో విసరండి. మేడారంలో నిలువెత్తు బెల్లం తూచే కాంటా పక్కన మాత్రం చక్కెర బోర్డు పెట్టకండి, అమ్మవార్లు ఊరుకోరు.

బోర్డు చదివీ తగ్గకపోతే? ‘తిండిపోతు.’ బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే? ‘అడ్డదారి తొక్కిండు.’ గుండెకు స్టెంటు వేయించుకున్నోణ్ని ఆ మాట అనం గదా! పైగా ‘హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ ఏమైంది?’ అని బెదిరింపు. 2015లో చనిపోవడానికి ముందు ఆమె చేయించుకున్నది లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వు లాగేయడం. బేరియాట్రిక్ సర్జరీ వేరు. అందులో జీర్ణాశయాన్ని చిన్నది చేస్తారు, ఆకలి హార్మోన్లు మారతాయి, చాలామందికి షుగరు అదుపులోకి వస్తుంది.

ఢిల్లీ నేతల్లో 2011లో నితిన్ గడ్కరీ, 2014లో అరుణ్ జైట్లీ ఈ కోవ ఆపరేషనే చేయించుకున్నారు. వాళ్లకెవరూ కవరు పంపలేదు. మంచిదే, అది వైద్యం. మరి పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టే కోరుట్ల అక్కకు మాత్రం వైద్యం కాదు, నీతిబోధ! సమోసాలో నూనెంతో తెలిస్తే తప్పు లేదు గానీ, ఆ బోర్డు వేలాడే ఆఫీసు గడప ఆమె ఎన్నడూ తొక్కదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 30 శాతం ఆడవాళ్లు, 32 శాతం మగవాళ్లు అధిక బరువున్నవాళ్లే. ఇంతమందీ బద్ధకస్తులేనా? ఇన్ని లక్షల మందిని నిందించేవాళ్లకు సిగ్గుండాలి.

2023లో ఉస్మానియా ఆస్పత్రి డాక్టర్లు 240 కిలోల యువకుడికి బేరియాట్రిక్ ఆపరేషన్ ఉచితంగా చేశారు. అంటే సర్కారుకు చేతనవును. సార్లూ, కవర్ల అచ్చు ఆపండి. సిరిసిల్ల, జగిత్యాల ఆస్పత్రుల్లో వారానికొక స్థూలకాయ ఓపీ పెట్టండి. ఆపరేషన్ అవసరమైనోళ్లకు హైదరాబాద్ దాకా బస్సు చార్జీ ఇవ్వండి.