సీలు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు పికప్ బండి వచ్చి ఆగింది. బాడీ నిండా పదిహేను కిలోల డబ్బాలు, పైన పట్టా, పట్టా మీద మోకు. డ్రైవరు పక్క సీట్లోంచి షావుకారు దిగాడు.

"యాభై దాటితే వెనకనుంచి మూలుగుతోంది మేస్త్రీ. యాక్సిలేటర్ వదిలితే మానేస్తోంది."

మేస్త్రి బండి కిందికి దూరాడు.

"హౌసింగ్‌లోంచే. ఆయిల్ చూడాలి. నడిచొచ్చిన బండి, వేడి మీదుంది. ఇప్పుడు దించితేనే మడ్డి కూడా వచ్చేస్తుంది."

ముందు పై ప్లగ్గు కదిపి చూశాడు. అది ఊడుతుందని తేలాకే కింది ప్లగ్గుకి స్పానర్ పెట్టాడు. పైది పట్టేసి ఉంటే, ఉన్న ఆయిల్ దించుకుని కొత్తది పోసే దారి లేక కూర్చోవాలి.

ఆయిల్ తొట్టిలో నీళ్లలా పడింది. ప్లగ్గుకున్న అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద కనిపించింది. మేస్త్రి దాన్ని వేళ్లతో నలిపాడు.

"పొడే. పలుకుల్లేవు. పళ్లు విరగలేదు లెండి."

షావుకారు వంగి తొట్టిలో వేలు ముంచాడు. బొటనవేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి వాసన లేదేంటి?"

మేస్త్రి అతని వంక మెచ్చుకోలుగా చూశాడు. "భలే పట్టారే! ఈ ఆయిల్‌లో గంధకం మందు కలుపుతారు, ఘాటుగా కొట్టాలి. ఇదేదో పాత ఇంజనాయిల్ వడగట్టి, రంగేసి అమ్మినట్టుంది."

షావుకారు డ్రైవరు వైపు తిరిగాడు. డ్రైవరు నేలచూపులు చూశాడు. కిందటిసారి హైవే పక్కన లూజు ఆయిల్ పోయించింది అతనే.

"ఎంత మిగిలిందిరా?"

"రెండొందలండి."

"రెండొందల కోసం క్రౌను, పినియను పోగొట్టేవాడివి! నూనె దగ్గరా కక్కుర్తి?"

ముగ్గురూ ఆయిల్ కొట్టుకి వెళ్లారు. కొట్టు కుర్రాడు జీఎల్-4 డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది గేర్‌బాక్స్‌కి" అన్నాడు మేస్త్రి. "వెనక హౌసింగ్‌కి చాలదు. అక్కడ పినియను క్రౌను నడిమికి ఎదురుగా ఉండదు, ఇంకాస్త దిగి ఉంటుంది. పళ్లు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. గంధకం, భాస్వరం మందు ఎక్కువ పడితేనే ఇనుము మీద ఇంకో పొర కట్టి పన్నుని కాస్తుంది. జీఎల్-5 ఇవ్వు."

"అయితే రెండింటికీ అదే పోయిస్తే పోలేదా?"

"గేర్‌బాక్స్‌లో ఇత్తడి రింగులుంటాయండి. ఆ మందు వాటికి పడకపోవచ్చు. దేని నూనె దానికే."

ఈసారి కుర్రాడు రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి 80డబ్ల్యూ-90, రెండోది 85డబ్ల్యూ-140.

"చిక్కగా ఉన్నది మంచిదా?" అన్నాడు షావుకారు.

"మూలుగు అణుస్తుందని కొందరు పోస్తారు. మీ బండి పుస్తకంలో ఏముంది?"

షావుకారు పుస్తకం వెంట తెచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. 80డబ్ల్యూ-90, జీఎల్-5 అని ఉంది.

"పీపాలో కూడా అదే ఉందండి, సగం ధరకే" అన్నాడు కుర్రాడు.

షావుకారు జవాబు చెప్పలేదు. డబ్బా చేతిలోకి తీసుకుని మూత చుట్టూ వేలు పోనిచ్చాడు. సీలు రింగు ఒకచోట వదులుగా తోచింది. వెనక్కి నెట్టాడు. రెండో డబ్బా తెప్పించాడు. దాని లేబుల్ అంచు లేచి ఉంది. అదీ నెట్టేశాడు. మూడోదాన్ని వెలుతురుకి తిప్పి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చదివి, సీలుని గోటితో గీకి, అప్పుడు తలూపాడు. బిల్లు రాయించుకున్నాడు.

"పైన రాసేదొకటి, లోపల పోసేదొకటి" అన్నాడు షెడ్డుకి వస్తూ. "ఇలాంటివాళ్లని ఏం చెయ్యాలి మేస్త్రీ?"

మేస్త్రి కింది ప్లగ్గు బిగించి, ఆయిల్ పై కంత అంచుకి వచ్చి చుక్క కారేదాకా పోశాడు. పై ప్లగ్గు బిగించి, హౌసింగ్ మీది గాలి గొట్టంలో మట్టి తీశాడు. అది మూసుకుపోతే వేడికి లోపలి ఒత్తిడి పెరిగి సీళ్లలోంచి ఆయిల్ తన్నుకొస్తుంది. బండి బందరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చింది. మూలుగు పూర్తిగా పోలేదు గానీ సగానికి తగ్గింది.

షావుకారు మొహం విప్పారింది. కూలి మీద ఇంకో ఐదొందలు కలిపి చాచాడు. మేస్త్రి కూలి మటుకు తీసుకున్నాడు.

"ఎక్కువ వద్దండి. పండగ దగ్గరకొచ్చింది, అరిసెలకి నూనె తెమ్మని మా ఆవిడ పోరుతోంది. మీ వేరుశనగ నూనె డబ్బా ఒకటి దించండి. ధర ఎంతో అంత పట్టుకోండి."

డ్రైవరు మోకు ముడి విప్పబోయాడు. షావుకారు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అది వద్దు మేస్త్రీ, పిల్లలు తినే ఇల్లు. మా ఇంటికని గానుగాడించింది ఉంది. సాయంత్రం పంపిస్తాను."