తాళంచెవి

మా అక్కావాళ్లది ఉంటర్‌ఫ్యోరింగ్. మ్యూనిక్ నుంచి విమానాశ్రయానికి వెళ్లే ఎస్8 రైలు ఆగే ఊరు. టీవీ చానెళ్లు, బీమా ఆఫీసులు, ఈతకి ఫెరింగా చెరువు. బావది నెల్లూరు జిల్లా. ఆఫీసులో పని ఎక్కువ. రాత్రి ఏ పదకొండుకో వస్తే అక్క నిద్ర చెడగొట్టడం ఎందుకని బెల్లు కొట్టడు, లైటు వేయడు, చీకట్లోనే తాళం తీసుకుని వస్తాడు. "అంత సున్నితం మీ బావకి" అని అక్క మురిసిపోయేది.

2024 చలికాలంలో మేనల్లుడి స్కూలు నుంచి పిలుపొచ్చింది. మందు, మత్తు గురించి పిల్లలకి పాఠాలు చెబుతున్నారట, ఒక సాయంత్రం తల్లిదండ్రులు కూడా రావాలట. బావ భగ్గుమన్నాడు.

"పద్నాలుగేళ్ల పిల్లాడు అమ్మానాన్నల పక్కన కూర్చుంటే బీరు పోయొచ్చు, పదహారుకి తనే కొనుక్కోవచ్చు. ఇదీ వీళ్ల చట్టం! ఏప్రిల్ నుంచి పద్దెనిమిది దాటినవాడు పాతిక గ్రాముల గంజాయి జేబులో పెట్టుకు తిరగొచ్చు. వీళ్లా మనకి పాఠం చెప్పేది? మా దూబగుంట ఆడవాళ్లు చెప్పారు పాఠం, 1992లో! రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ, వాచకంలో తాగుబోతు మొగుడి పెళ్లాం కథ చదివి, తెల్లారి సారా బండికి అడ్డం పడ్డారు. ఏడాది తిరిగేసరికి, 1993 అక్టోబర్ ఒకటికి, రాష్ట్రమంతా సారా బంద్. చదువంటే అదిరా!"

ఆ మాట అబద్ధం కాదు. అక్షరం వచ్చిన ఆడవాళ్లు ఒక ప్రభుత్వాన్ని దిగివచ్చేలా చేసిన కథ అది. నేను తలూపాను. మేనల్లుడు మాత్రం బూట్ల లేసు కట్టుకుంటూ తలెత్తలేదు.

స్కూల్లో ఒకావిడ మత్తు కళ్లజోళ్లు తెచ్చింది. పెట్టుకుంటే బాగా తాగినవాడికి ఎలా కనబడుతుందో అలా కనబడుతుంది. గీత రెండవుతుంది, దగ్గరది దూరం జరుగుతుంది. "ఒంట్లో చుక్క లేదు, చేతులూ బుర్రా బాగానే ఉన్నాయి. మోసపోయేది కళ్లే," అని చెప్పి, బల్ల మీద ఒక తలుపు తాళం పెట్టింది. కళ్లజోడుతో చెవి దూర్చాలి.

ఆరడుగుల జర్మన్ తండ్రులు గాల్లో పొడిచారు. ఒకాయన ఏకంగా బల్లకి గుచ్చాడు. నేను చెవి కింద పడేశాను. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

బావ వంతు వచ్చింది. కళ్లజోడు పెట్టుకున్నాడు. తాళం వైపు అసలు చూడలేదు. ఎడమచేతి చూపుడు వేలితో రంధ్రం తడిమి, గోరు అక్కడే ఆనించి, గోటి వెంబడి చెవి జార్చాడు. టక్కున తిరిగింది.

గది గదంతా చప్పట్లు. ఆవిడ ఆశ్చర్యపోయి మళ్లీ చేయమంది. మళ్లీ టక్కున తిరిగింది. "ఇన్నేళ్లలో మొదటిసారి చూస్తున్నాను, ఎవరు నేర్పారు మీకు?" అంది.

"ఏకాగ్రత," అన్నాడు బావ, కళ్లజోడు తీసి నవ్వుతూ. "మాది యోగా పుట్టిన దేశం."

అక్క కూడా చప్పట్లు కొట్టబోయి, చేతులు కలపకుండానే ఆగిపోయింది.

నేను మేనల్లుడి వీపు తట్టాను. "చూశావురా మీ నాన్న పనితనం!"

వాడు తెలుగులోనే, నాకొక్కడికే వినబడేలా అన్నాడు:

"నా గది గుమ్మం పక్కనే కదా మావయ్యా. మొదట్లో పది నిమిషాలు పట్టేది."