ఆరు నెలల వీసా, ఏడు తీగల వీణ

అమెరికాలో కూతురింటికి వచ్చిన మామగారికి మొదటి నెల ఇట్టే గడిచిపోతుంది. అరిజోనాలో దిగినవారైతే గ్రాండ్ కాన్యన్ చూసి, గుడికి వెళ్లి, కాస్ట్‌కో తిరిగేస్తారు. ఆ తర్వాత శనివారాలు మిగిలిపోతాయి. అప్పుడు చాండ్లర్ అల్లుళ్లకు ఫీనిక్స్‌లోని వాద్యాల మ్యూజియం గుర్తొస్తుంది. 2010లో తెరిచారు, దాదాపు 200 దేశాల వాద్యాలున్నాయి. మామగారికి సంగీతమంటే ప్రాణమని అల్లుడి నమ్మకం. త్యాగరాజ ఆరాధనలో ముందు వరసలో కూర్చుని రెండు పంచరత్నాల మధ్య కునుకు తీసే ప్రాణం అది.

లోపలికెళ్లగానే హెడ్‌ఫోన్లిస్తారు. ఏ వాద్యం ముందు నిలబడితే దాని పాట దానంతటదే వినబడుతుంది. బయట 43 డిగ్రీల ఎండ, లోపల ఏసీ. కాబట్టి మామగారు ముందు మంకీ క్యాప్ పెట్టుకుని, దాని మీద హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. ఇక తన గొంతు తనకు వినబడదు.

"అల్లుడుగారూ! ఇది మన సన్నాయేనండీ!"

టర్కీ జుర్నా చూస్తున్న వాళ్లంతా ఇటు తిరుగుతారు. చిక్కేమిటంటే, ఆయన అన్నది తప్పేం కాదు. జుర్నా, సన్నాయి నిజంగా చుట్టాలే. కానీ ఆ చుట్టరికంలో పెద్దన్న మనమేనని మామగారు అక్కడికక్కడే తేల్చేస్తారు. మోర్సింగ్ లాంటిది సైబీరియాలో కనబడినా అంతే, యూరప్‌లో కనబడినా అంతే: "మనవాళ్లెవరో పట్టుకెళ్లి ఉంటారు."

వయొలిన్ దగ్గర మాత్రం ఈ లెక్క ఎదురు తిరుగుతుంది. బాలుస్వామి దీక్షితులు దాన్ని మద్రాసులో తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారని ఆయనకూ తెలుసు. అయినా తడుముకోరు. "విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయించాక కూడా ఇంకా వాళ్లదేమిటయ్యా!"

భారతదేశం దగ్గరికొచ్చేసరికి ఆడిట్‌కు వచ్చిన ఆఫీసరైపోతారు. వీణకు 24 మెట్లూ ఉన్నాయా, నాలుగు వాయించే తీగలూ మూడు తాళం తీగలూ సరిపోయాయా, అన్నీ వేలు పెట్టి లెక్కేస్తారు. పక్కనున్న అమెరికన్ దంపతులకు బొబ్బిలి వీణ గురించి చెబుతారు: గొల్లపల్లిలో చేస్తారు, పనస మొద్దును తొలిచి కుండ, దండి ఒకే చెక్కలో తీస్తారు, సర్వసిద్ధి వారి చేతిపని. ప్రతి ముక్కా నిజమే. ఆ దంపతులు నోట్ చేసుకుంటుంటారు కూడా.

"ఉద్యోగమంతా ఆ బొబ్బిలి మీదుగానే తిరిగారు కదండీ, గొల్లపల్లిలో ఒక్కసారైనా దిగారా?" అంటారు అత్తగారు. హెడ్‌ఫోన్ల మహిమ, మామగారికి వినబడదు.

తర్వాత పన్నెండు మెట్ల కిన్నెర కోసం వెతుకులాట. "పద్మశ్రీ ఇచ్చారయ్యా మొగిలయ్యకి, 2022లో!" 2021లో మొగిలయ్య పాడిన భీమ్లా నాయక్ సినిమా పాట రాకముందు కిన్నెర ఎలా ఉంటుందో ఆయన్నడిగితే ఏం చెప్పేవారో మనం అడగక్కర్లేదు. డప్పు గురించి మాత్రం ఆరా ఉండదు. ఊళ్లో ప్రతి జాతరకూ, ప్రతి చావుకూ వీధి చివర నుంచి వినబడుతూనే ఉండేది. ఎవరు వాయిస్తున్నారో, దాన్ని మంట దగ్గర ఎందుకు కాస్తున్నారో చూడ్డానికి ఆ చివరిదాకా వెళ్లలేదు, అంతే. మామగారి "మన" అనే మాటకు సరిహద్దు అక్కడే ఉంది.

చివర్లో, ముట్టుకుని వాయించుకోనిచ్చే గది ఉంటుంది. "అది పిల్లలకయ్యా" అని గుమ్మం దగ్గరే ఆగుతారు. మనవడు చెయ్యి పట్టి లాగితే వస్తారు. పెద్ద కంచు గాంగ్ మీద ఒక దెబ్బ వేస్తారు. ముఖం మారిపోతుంది. ఇంకో దెబ్బ. ఈసారి హెడ్‌ఫోన్లు తీసేసి, మంకీ క్యాప్ చెవుల పైకి జరిపి మరీ. వెనకాల పిల్లల వరస పెరుగుతుంటుంది.

"తాతయ్యా, మై టర్న్!"

"ఉండరా నాన్నా," అంటారు మామగారు కర్ర వదలకుండా, "ఇంకా శ్రుతి కుదర్లేదు."