ఫారంలో తీగకు గడి లేదు

అయ్యా గొంగళిపురుగు గారూ! ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లో గనుల కోసం అడవి పోతే పోనీ, బదులు మొక్కలు నాటిస్తామని కాగితం మీద రాసిస్తుంటే, ఈశ్వరి తీగ తప్ప ఇంకేదీ ముట్టనని మంకుపట్టు పడతారా? జామాయిల్ ఆకు పెడితే మూతి తిప్పుకుంటారా?

తమరి తల్లిగారిదీ ఇదే వరస. నల్ల రెక్కలు, తెల్లపట్టీ, ఎర్రచుక్కలు, పారాణి పూసినట్టు ఎర్రని ఒళ్లు. ఈ సీతాకోకచిలుకను ఇంగ్లీషువాళ్లు క్రిమ్సన్ రోజ్ అన్నారు. ఆవిడ ఆకు మీద వాలి, కాళ్లతోనే రుచి చూసి, అది ఈశ్వరేనని తేలాకే గుడ్డు పెడుతుంది. తమరు ఆ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటారు. నడుముకు పట్టుదారం చుట్టుకుని, ఎండుటాకులా ముడుచుకుని ప్యూపాగా మారతారు. రెక్కలొచ్చినా విషం పోదు. ఒకసారి కొరికి కక్కిన పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి రాదు.

అది కనిపెట్టే కాబోలు, మన పెరటి కరివేపాకు, నిమ్మ మీద పెరిగే కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం ఇదే కోటు తొడుక్కుంటాయి. విషం లేనిది ఉన్నట్టు వేషం వేయడం అడవి తెలివి. మనుషుల్లో ఇది తిరగబడింది: కొండను తవ్వేవాడే ఆకుపచ్చ చొక్కా వేసుకుని మొక్కలు పంచుతాడు.

పంచపట్మలి, బాఫ్లిమలి ఇప్పటికే బాక్సైట్ గనులు. పోయిన అడవికి బదులు కట్టే సొమ్ము లెక్క చూడ్డానికి 2016లో చట్టమే వచ్చింది. ఫారంలో హెక్టార్లకు గడి, మొక్కలకు గడి, రూపాయలకు గడి. తీగకు లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద తమరికి పులి సరసన మొదటి షెడ్యూలులో పీట వేశారు, నిజమే. విస్తరి వేయడం మరిచారు. తమర్ని పట్టుకుంటే జైలు, తమరి అన్నం మీద బుల్డోజర్ నడిపితే అనుమతిపత్రం!

నియమ్‌గిరి మీద మాత్రం లెక్క తప్పింది. అక్కడి గని సంగతి గ్రామసభలనే అడగమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లను అడిగారు. ఇది మా దేవుడు నియమ్‌రాజా కొండ అన్నారు అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోంధులు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ఆ గనికి అనుమతి నిరాకరించింది.

ఆ ఒక్క కొండ మీద తమరికి జామాయిల్ అలవాటు చేసుకునే బాధ తప్పింది, గొంగళిపురుగు గారూ.