బేతాళుడే నయం

రాత్రి అంట్లు తోమడమా, పాపకి కథ చదవడమా, ఏదో ఒకటి తేల్చుకోమంది మా ఆవిడ. వెనకాముందూ చూడకుండా కథ అన్నాను. కాలేజీలో నాటకాలు వేసిన గొంతు ఊరికే పాడైపోతోందన్న బెంగ ఎలాగూ ఉంది.

పుస్తకాలు ఏరడంలోనూ నేను ఘనుణ్ణే. పిల్లల పుస్తకాలు వేసే ‘మంచి పుస్తకం’ వాళ్లు మన సికింద్రాబాద్‌లోనే, తార్నాకలో ఉన్నారు. వెళ్లి, నీతి దండిగా ఉన్నవి, టీపాయ్ మీద పెడితే వచ్చినవాళ్లకి మన అభిరుచి తెలిసేవి సంచీడు మోసుకొచ్చాను. మా నాలుగేళ్ల పాప వాటిని వరసగా పేర్చి రైలాట ఆడుకుంది. చదవమని ఇచ్చింది మాత్రం వాళ్లమ్మ విడిగా కొన్న ‘నొప్పి డాక్టరు’.

ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులోకి వచ్చిన, రష్యన్ రచయిత చుకోవ్‌స్కీ కథ అది. కుందేలు పిల్ల ట్రాము కింద పడి కాళ్లు పోగొట్టుకుంటే డాక్టరు కొత్త కాళ్లు కుట్టేస్తాడు. నీతి వెతికాను, దొరకలేదు. సరే, నటనైనా చూపిద్దామని తల్లి కుందేలు ఏడుపు ఏడ్చాను. పక్క ఫ్లాటాయన తలుపు కొట్టి, “అంతా బాగే కదండీ?” అన్నాడు.

రోజూ అదే కథ. ఓ రాత్రి రెండు పేజీలు కలిపి తిప్పేశాను. అక్షరం రాని పిల్ల, “నాన్నా, కాళ్లు కుట్టలేదు” అంది. వెనక్కి తిప్పి కుట్టాను. కథలో ఏదో ఒక పని జరగాలి, అది రోజూ ఒకేలా జరగాలి. పాప ఎంపిక సూత్రం ఇంతే.

ఇలా కాదని పాత చందమామలు దించాను. 1947లో మొదలైన ఆ పత్రికలో, ఎవరు రాసిన కథనైనా కొడవటిగంటి కుటుంబరావు తేటగా తిరగరాసేవారట. నటన అక్కర్లేదు, చదువుకుంటూ పోతే చాలు. నిజంగానే బ్రహ్మాండంగా నిద్ర పట్టేది, నాకు. పాప కుదిపి లేపి, “తర్వాత?” అనేది.

అందులోని బేతాళ కథలతో ఉన్న పరువూ పోయింది. చందమామ చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మలో విక్రమార్కుడు భుజాన శవంతో నడుస్తుంటాడు. నేనూ పాపని భుజానేసుకుని హాల్లో తిరుగుతుంటాను. కాకపోతే ఆయన అదృష్టవంతుడు, కథ చెప్పే బాధ బేతాళుడిది. ఇక్కడ కథా నేనే చెప్పాలి, “శవానికి దాహం వెయ్యదా నాన్నా?” అంటే జవాబూ నేనే చెప్పాలి. నోరు తెరిచానా, అంతదాకా జోకొట్టి రప్పించిన నిద్ర ఎగిరిపోయి చెట్టెక్కుతుంది.

తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందని కదా బేతాళుడి శాపం. ఆ ఒక్క విషయంలో నేను క్షేమం. పాప అడిగేవాటిలో నాకు తెలిసింది ఒక్కటీ లేదు.