ఎఫ్-9 మహారథులు

నెల్లూరు సీమవారికి గొప్పలు చెప్పుకొనుటకు విషయదారిద్ర్యము ఎన్నడును లేదు. మొలగొలుకుల బియ్యము కలదు, చేపల పులుసు కలదు, తిక్కన సోమయాజి కలడు, పెండ్లిపందిటిలో వాదము మరీ ముదిరినచో శ్రీహరికోటయు కలదు. ఇన్ని యుండియు చాలవన్నట్లు, సూళ్లూరుపేట మొదలు కావలి వరకు గల కోస్తా ఊళ్లలో ఇటీవల ఒక నూతన వీరవర్గము బయలుదేరినది. ఈ వర్గమువారు రేయెల్ల గది తలుపు బిగించుకొని, కంప్యూటరు తెరపై రాకెట్లు కట్టి, ఎగురవేసి, కూల్చి, మరల కట్టి, తెల్లవారిన పిమ్మట ఎఱ్ఱబడిన కన్నులతో టీ అంగడి కేతెంచి, తాము రాత్రి చందమామపై దిగిన వృత్తాంతమును, దిగబోయి బోర్లపడిన వృత్తాంతమును, అడిగినవారికిని అడుగనివారికిని సమానాదరముతో వినిపింతురు.

ఈ పురాణమునకు మూలము కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అను వీడియో ఆట. మెక్సికో నగరమునందలి స్క్వాడ్ అను సంస్థలో ఫెలిపె ఫలాంఘె అను నతడు రూపొందింపగా 2011 జూన్‌లో ఇది తొలిసారి జనుల చేతికి వచ్చినది. 2015 ఏప్రిల్‌లో సమగ్రరూపము దాల్చినది. కెర్బిన్ అను నొక కల్పితగ్రహము, దానిపై పెద్ద తలలును గుడ్లప్పగించిన కన్నులును గల పచ్చని పొట్టివాండ్రు, వారికొక అంతరిక్షకేంద్రము. గిడ్డంగి నిండ ఇంధనపు ట్యాంకులు, ఇంజన్లు, రెక్కలు, ప్యారాచూట్లు ఉండగా, వానిని ఒకదానిపై నొకటి పేర్చి స్పేసు బారు నొక్కుట ఆటగాని పని, ఆపైని జరుగవలసినది న్యూటను మహాశయుని పని. ఆ కేంద్రము గ్రహమధ్యరేఖ చెంత, తూర్పున సముద్రము గల తీరమున నుండుట చూచి మనవారు పరవశులైరి. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు గల శ్రీహరికోటను మన శాస్త్రజ్ఞులు కోరుకొన్నదియు అట్టి కారణముచేతనే కదా! గ్రహము తూర్పునకు తిరుగు వేగము రాకెట్టునకు ఉచితముగ లభించును, తెగిపడిన తునకలు ఎవరి నెత్తినను గాక నీట బడును. ఇంతటి పోలిక దొరికిన పిమ్మట ఆటలోని కేంద్రము నెల్లూరు జిల్లాలోనిదేయని యొకడు తేల్చివేసినను ఆశ్చర్యపడ నక్కఱలేదు. (2022 ఏప్రిల్ 4వ తేదీనుండి సూళ్లూరుపేటయు శ్రీహరికోటయు తిరుపతి జిల్లాలోనివి; నెల్లూరివారు మాత్రము ఆ వార్త తమ కింకను చేరనట్లే మాటలాడుదురు.)

న్యాయము చెప్పవలెనన్న, వీరి ప్రమాదకథలు విజయగాథలకన్న వేయిరెట్లు రుచికరములు. ఇంజను వెలుగుటయు ప్యారాచూటు విచ్చుకొనుటయు ఒకే మెట్టున కూర్చినవాని గతి వినుడు. మీట నొక్కినంతనే రాకెట్టు గర్జించి లేచును. ఆ క్షణముననే శిఖరమున ప్యారాచూటు విప్పారును. పైకి పోవుదునను ఇంజనునకును, క్రిందికి దింపుదునను గొడుగునకును తగవు పుట్టి, లోనున్న పచ్చనివాడు పండ్లికిలించుచుండగనే గొడుగు చినిగి, రాకెట్టు తలక్రిందై, ఏ తీరమునుండి లేచెనో ఆ తీరపు జలములలోనే కూలును. మరియొకడు మున్ అను ఉపగ్రహమునకు సన్నమును పొడవును నైన నౌకను పంపి, ఏటవాలు నేలపై అది ప్రక్కకొరిగి పడియుండగా “ల్యాండింగు మాత్రం సక్సెస్ నా, పైకి లేచేదే కుదర్లా” అని ప్రకటించును. ఇంకొకడు సౌరఫలకములు విప్పుట మరచి, బ్యాటరీ కాస్త అడుగంటగా, అంగుళము కదల్ప శక్యముగాని యినుపపెట్టెను గ్రహము చుట్టు అనంతకాలము త్రిప్పుచుండును. ఇంధనము కడముట్టినపుడు పచ్చనివానిని వెలుపలికి దింపి, దారిలో నిలిచిపోయిన బస్సును ప్రయాణికులు నెట్టినట్లు, వాని వీపునగల చిన్న జెట్టుతో నౌకను నెట్టించి ఇల్లు చేర్చిన ఘనులును కలరు. అన్నింటికన్న ఉత్తమము రక్షణకథ. మున్ మీద చిక్కినవానిని తెచ్చుటకు పోయిన నౌక ఇంధనము చాలక తానును చిక్కగా, ఆ రక్షకుని రక్షింప మరియొకటి పోయి, అదియు నచటనే కూలబడగా, తుదకు పంచాయతీ ఎన్నికలు పెట్టదగిన జనాభా అచట కూడిన వైనమును ఒక నాయుడుపేట కుఱ్ఱవాని నోట విని నేను కడుపుబ్బ నవ్వితిని.

ఇంతవరకు నా కాక్షేపణ లేదు. నవ్వించినవాడు సంఘమున కుపకారియే. చిక్కంతయు విజయగాథలతో వచ్చినది. ఈ ఆటలో ఎఫ్-5 అను మీట నొక్కినచో ఆ క్షణపు స్థితి భద్రమగును. ఎఫ్-9 అను మీట నదిమి పట్టినచో అటుపిమ్మట జరిగినదెల్ల జరుగనిదై, ఆ భద్రస్థితి మరల ప్రత్యక్షమగును. ఇదిగాక, ప్రయోగారంభమునకే మరలగొనిపోవు బొత్తామొకటి వేఱుగ కలదు. దాని నొక్కగనే పేలిన రాకెట్టు పేలక, చచ్చినవాడు చావక, వ్యయమైన ధనము వ్యయముగాక, అన్నియు వేదికపై యథాతథముగ నిలుచును. త్రిమూర్తులకును లేని యధికారమిది! దిగబోయి నేలగుద్దుకొనిన, ఎఫ్-9. కొండ తగిలిన, ఎఫ్-9. వేగము తగ్గుటకు ముందే ఇంధనము తగ్గిన, ఎఫ్-9. ఇట్లు నడిరేయి దాటిన పిదప, ఎట్టకేలకు నాలుగుకాళ్లును నేల కానిన యొక్క క్షణమును ఫొటోగా పట్టి, సెల్లున కెక్కించి, బంధుమిత్రుల గుంపులన్నిటికిని పంపి, ఉదయమున టీ గ్లాసు చేత బుచ్చుకొని ఆ వీరుడు పలుకు పలుకిది: “చందమామ మీద దిగేది ఇంతేనా అనిపించింది నా. మనోళ్లకి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో నాకర్థం గాలా.”

ఈ వాక్యమున కొఱకే నేను కలము పట్టితిని.

మనోళ్లకు ఎందుకు పట్టెనో తెలియనివాడు తెలియదని యూరకుండినను బాగుండును. అతడు సలహా లిచ్చుటకు దిగును. 2006 జూలై 10న ఇన్సాట్-4సీ నెత్తుకొని లేచిన జీఎస్ఎల్వీ-ఎఫ్02, ప్రక్కనున్న నాలుగు బూస్టర్లలో నొకటి బలము కోల్పోవుటచే దారి తప్పి, సుమారు నిమిషములోనే ముక్కలై సముద్రమున బడినది. దీనికి మన వీరుని చికిత్స: “ఇంకో రెండు బూస్టర్లు తగిలిచ్చుంటే పోయేది.” ఒక బూస్టరు చెడినందున చెడిన పనికి ఆఱు బూస్టర్లు మందు! 2017 ఆగస్టు 31న పీఎస్ఎల్వీ-సీ39 కక్ష్య వఱకు పోయెను గాని, ఉష్ణకవచము విడిపోక ఉపగ్రహము లోపలనే బందీయైనది. దీనికి చికిత్స: “స్పేసు బారు ఇంకోసారి నొక్కాల్సింది.” శ్రీహరికోట నియంత్రణకేంద్రమున కూర్చున్న ఇంజనీర్లందఱును ఆ తెలివి లేక చేతులు ముడుచుకొని కూర్చుండిరని కాబోలు!

స్పేడెక్స్ అను ఇస్రో ప్రయోగ కాలమున వీరి వీరవిహారము పరాకాష్ఠ నందినది. 2024 డిసెంబరు 30 రాత్రి పీఎస్ఎల్వీ-సీ60 రెండు చిన్న ఉపగ్రహములను, ఒక్కొక్కటి సుమారు 220 కిలోల బరువు గలవానిని, కక్ష్యకు చేర్చినది. అవి ఒకదాని నొకటి వెదకికొని, సమీపించి, అంటుకొనవలెను. జనవరి 7న అనుకొన్న కలయిక 9వ తేదీకి మార్చబడినది, అటుపిమ్మట అదియు వాయిదా పడినది. 12న రెంటిని పదునైదు మీటర్లకును, ఆపై మూడు మీటర్లకును చేర్చి, మరల సురక్షితదూరమునకు వెనుకకు జరిపిరి. అప్పుడు చూడవలెను టీ అంగడి సొంపు! “డాకింగా? పది నిముషాల పని గదా నా! మూడు మీటర్ల దాకా పోయి వెనక్కొచ్చేదేంది?” ఆటలో రెండు ముఖములు చేరువైనంతనే అయస్కాంతము వలె ఒకదాని నొకటి లాగుకొనునను సంగతిని, కుదరనిచో ఎఫ్-9 కలదను సంగతిని ఈ పది నిముషములవాడు చెప్పడు. మూడు మీటర్ల చేరువకు పోయి, ఇంకొక్క అడుగు వేయగల్గియుండియు, సమాచారమును పరిశీలించి కాని ముందుకు పోరాదని వెనుకకు మరలినవారి నిగ్రహము ఆటలో నేర్వదగినది కాదు. అచట దానికి మార్కులు లేవు. జనవరి 16న ఆ రెండును కలిసినవి. ఆనాడు టీ అంగడి చాల ప్రశాంతముగ నుండినది.

ఆ కెర్బిన్ గ్రహపు లెక్కలు గూడ కొంచెము చూడవలసినవే. దాని వ్యాసార్ధము 600 కిలోమీటర్లు, మన భూమిదో 6,371. ఐనను ఆకర్షణ మాత్రము భూమిదంతయే యుండవలెనని కల్పించినవారు కోరిరి గావున, ఆ గోళము భూమికన్న పదిరెట్లకు మించిన సాంద్రతతో, బంగారముకన్నను సీసముకన్నను చిక్కనైన పదార్థముతో నిండియుండక తప్పినది కాదు. ఇంతకు ఫలితమేమనగా, అచట కక్ష్య కెక్కినవాడు సెకనుకు రమారమి 2.3 కిలోమీటర్ల వేగముతో తిరిగిన చాలును, ఇచట 7.7 కావలెను. వేగము మూడింతలకు మించిన, రాకెట్టు బరువు మూడింతలతో పోదు. ఇంధనమును మోయుటకు ఇంధనము, దానిని మోయుటకు మఱికొంత ఇంధనము, ఇట్లు గుణించుచు పోవును. అంతియకాదు, ఆ కేంద్రమునకు దక్షిణమున సింహళ ద్వీపము లేదు. ధ్రువకక్ష్యకు పోవలసిన పీఎస్ఎల్వీ శ్రీహరికోటనుండి తిన్నగ దక్షిణమునకు పోరాదు; తునకలు శ్రీలంకపై బడును. కావున మొదట ఆగ్నేయముగ పోయి, గగనమున మలుపు తిరుగవలెను. ఆ మలుపునకు కొంత ఇంధనము, ఆ మేరకు కొంత సరకు బలి. ఈ బాధ తప్పించుటకే తమిళనాట కులశేఖరపట్టణమున రెండవ ప్రయోగకేంద్రమునకు 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగినది.

మఱి సముద్రమో? తెరపైని సముద్రము నిర్జనము. ఇచట ప్రయోగమున్ననాడు పులికాటు నుండి ఇటువైపు తీరమంతట వేటకు పోవలదని మత్స్యకారులకు హెచ్చరిక వచ్చును. ప్రయోగము వాయిదాపడిన, హెచ్చరికయు మఱియొక రోజునకు మఱల వచ్చును. 2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగమును గడియారము 56 నిమిషములు 24 సెకన్లు మిగిలియుండగా నిలిపి, 22న గాని ఎగురవేయలేదు. పడవ నొడ్డునకు లాగి వల మడచి కూర్చున్నవాని రెండు పూటలకు ఏ మీట నొక్కిన పరిహారము వచ్చునో చంద్రవీరులు సెలవియ్యవలెను.

నిజమునకు శ్రీహరికోటలోను ఎఫ్-9 మీట కలదు. కాని దాని నొక్కిన పిదప పని జరుగుటకు కొంచెము వ్యవధి పట్టును. 1979 ఆగస్టు 10న తొలి ఎస్ఎల్వీ-3, రెండవదశ నియంత్రణలో వాడు నత్రికామ్లము కారిపోవుటచే అదుపుతప్పి 317 సెకన్లకే ముగిసి సముద్రమున బడినది. అప్పుడు నొక్కిన మీటకు 1980 జూలై 18న ఫలము చేతికి వచ్చినది. 1987 మార్చి 24న ఏఎస్ఎల్వీ కూలినప్పుడు నొక్కిరి. 1988 జూలై 13న రెండవదియు కూలినది. మరల నొక్కిరి, 1992 మే 20 దాక వేచిరి. ఆ నడుమ కాలమున వారు చేసినదేమన, ప్రతి తీగను, ప్రతి కవాటమును, ప్రతి లెక్కను విప్పి చూచి, తప్పెక్కడ దొరలెనో వ్రాసి, పదిమందియెదుట పెట్టుట. 2004 ఫిబ్రవరి 23న ఘనఇంధనము అంటుకొనగా అచట ఆఱుగురు మరణించిరి. ఆ పుటకు మీట లేదు.

ఆట చెడ్డదని నేను చెప్పుటలేదు. ముందు పోవు నౌకను కక్ష్యలో అందుకొనవలెనన్న వేగము పెంచుట కాక తగ్గింపవలెను. అప్పుడు నౌక దిగువకు జారి, చుట్టు చిన్నదై, తానే ముందునకు వచ్చును. ఈ విపరీతసత్యమును పట్టభద్రులకన్న సులువుగ పదునాలుగేండ్ల కుఱ్ఱవాడు చెప్పుట నేను చూచితిని. అది ఆ ఆట చలువయే. వానికి కావలసినది చెంప పెట్టు కాదు, చిన్న నియమము.

కావున నెల్లూరు తీరపు అంతరిక్షవీరులారా, మీ ప్రమాదములను వర్ణించుట మానవలదు. మేము టీ డబ్బులు మావే పెట్టుకొని వినుటకు సిద్ధము. మీ విజయములనుగూడ పంపుడు. ఐతే ఫొటో క్రింద రెండు సంఖ్యలు తప్పక వ్రాయుడు: ఎఫ్-9 ఎన్నిసార్లు నొక్కితిరి, ప్రయోగారంభమునకు ఎన్నిసార్లు మరలితిరి. ఆ రెండును వ్రాసినవాడు ఇస్రో కిచ్చు సలహాను మేమును శ్రద్ధగ చదువుదుము. వ్రాయనివాని సలహా మాకు పంపవలదు.