మార్కండేయ రథానికి పార్కింగ్ పాస్

నారళీ పున్నమి నాడు మార్కండేయ రథం కదిలిందంటే సోలాపూర్ పూర్వ భాగంలో ఇంట్లో మనిషన్నవాడు మిగలడు. అశోక్ చౌక్ నుంచి, దత్తనగర్ నుంచి, అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాల నుంచి సాంచాలు బందు పెట్టి మరీ వస్తారు. బండి ఎక్కడ సందు దొరికితే అక్కడ నిలబెడతారు. ఎవరిదో అరుగెక్కి కూర్చుంటారు. డబ్బా మూత తీసి కడక్ భాకరీ విరిచి, శేంగా చట్నీ అద్దుకొని తింటారు. అరుగుగలవాళ్లే చెంబుతో నీళ్లు తెచ్చిస్తారు. ఇంత వ్యాపారాన్ని ఏటేటా వీధిపాలు చేసుకుంటూ వచ్చాం గానీ దమ్మిడీ ఏరుకున్నది లేదు. మా కళ్లు తెరిపించినందుకు ఫుట్‌బాల్ పెద్దలైన ఫిఫా వారికి సోలాపూర్ చద్దరు కప్పి సన్మానం చేయాలి. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది కనుక నకిలీదేమోనన్న బెంగ వారికి అక్కర్లేదు.

వారు చేసిన ఘనకార్యం ఏమిటంటే, 2026 ప్రపంచ కప్పుకు అమెరికా స్టేడియాల దగ్గర కారు నిలిపే జాగాను 2025 అక్టోబరులోనే అమ్మకానికి పెట్టారు. టికెట్టు లెక్క వేరు, జాగా లెక్క వేరు. జాగా ధర 75 డాలర్ల నుంచి మొదలు. డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో సెమీఫైనల్‌కైతే 175. అన్నిటికన్నా చవక టికెట్టు 60 డాలర్లేనని చాటింపు వేసిందీ వీరే. మనిషి కూర్చునే చోటు కన్నా కారు నిలబడే చోటు ఖరీదన్నమాట, పాపం దానికి ఆట కూడా కనబడదు. 175 డాలర్లంటే మన డబ్బుల్లో పదిహేను వేల పైమాటే. ఆ సొమ్ముకు రాత్రిపాళీలు ఎన్ని చేయాలో సాంచా మీద నిలబడే ఏ అన్ననడిగినా వేళ్ల మీద చెబుతాడు.

జాగా ధర ఒక ఎత్తు, ఆ జాగాలో ఏం చేయనిస్తారన్నది ఇంకో ఎత్తు. అమెరికావాళ్లకు తమ ఫుట్‌బాల్‌తో పాటు ఒక పాత అలవాటుంది. ఆట మొదలవడానికి గంటల ముందే మైదానం బయటికి చేరి, కారు వెనక తలుపు పైకెత్తి, బొగ్గుల పొయ్యి రాజేసి మాంసం కాల్చుకుంటారు. పక్క కారువాడు ముక్కూ మొహం తెలియనివాడైనా ఒక ముక్క అందిస్తారు. దీన్ని టెయిల్‌గేటింగ్ అంటారు. మన కార్తీక వనభోజనంలో ఉసిరిచెట్టు తీసేసి కారు డిక్కీ పెట్టుకోండి, సరిపోతుంది. కాన్సస్ సిటీలోనైతే ఆటకు ఎంత పేరో బయట లేచే పొగకూ అంత పేరు. నిర్వాహకులకు దీని మీద కానీ ఖర్చు లేదు. జనాన్ని జనమే పోగేసుకొని, జనమే సంబరం చేసుకొని, ఉత్సాహంగా గేటు దాకా నడిచి వస్తారు. ఖర్చు లేకపోవడమే దాని కొంప ముంచింది. ఖర్చు లేనిచోట రసీదు ఉండదు, రసీదు లేని ఆనందాన్ని లెక్కల పుస్తకంలో ఏ గడిలో రాస్తారు?

ఫైనల్ పెట్టింది న్యూజెర్సీలో. అమెరికాలో కళాశాలల మధ్య తొలి ఫుట్‌బాల్ ఆట జరిగింది కూడా ఆ రాష్ట్రంలోనే, 1869 నవంబరు 6న, న్యూ బ్రన్స్‌విక్‌లో. మన తెలుగువాళ్లు కాపురముండే ఎడిసన్‌కు అది కూతవేటు దూరం. అంతటి చోట, ఫైనల్ మైదానంలో మామూలు ప్రేక్షకుడికి పార్కింగే లేదు, ఇక డిక్కీ ఎత్తే ముచ్చట ఎక్కడిది? కారణం అడిగితే భద్రత. నిజమే మరి, ఇంటి నుంచి తెచ్చిన మాంసం ముక్క బయట కాలితే లోకానికి ముప్పు. అదే ముక్క లోపలి కొట్టులో నాలుగింతల ధరకు కాలితే పరమ సాధువు.

ఈ జ్ఞానం ఆధారంగా మా రథోత్సవానికి కొన్ని నిబంధనలు ప్రతిపాదిస్తున్నాను. రథం దారికి రెండు ఫర్లాంగుల లోపల అరుగులన్నీ నేటి నుంచి ఆతిథ్య మండపాలు. కూర్చునే ప్రతివారికీ చేతికి పట్టీ ఉండాలి, అరుగు స్వంతదారుకు మాత్రం పది శాతం రాయితీ. మోటారు సైకిలు పాస్ ముందుగా కొనాలి. ముగ్గురెక్కి వస్తే మూడోవాడికి సర్‌చార్జి. డబ్బాలు నిషిద్ధం. పారదర్శకమైన సంచి తెచ్చుకోవచ్చు, అమెరికా ఫుట్‌బాల్ లీగు 2013లో పెట్టిన కొలత ప్రకారం పన్నెండంగుళాలు దాటకూడదు. మా అత్తమ్మల భాకరీ ఆ కొలతకు పట్టదు కనుక సమస్య దానంతటదే తీరుతుంది. శేంగా చట్నీకి అధికారిక భాగస్వామి ఉంటాడు, మిగతావారి వెల్లుల్లి వాసనను గేటు దగ్గర పట్టుకుంటారు. బీడీలు చుట్టి వచ్చిన అక్కలు పొద్దంతా ఆకు కత్తిరించిన కత్తెరలు కౌంటర్లో అప్పగించి, రుసుము చెల్లించి, తిరిగి పోయేటప్పుడు తీసుకోవాలి. దేవుడు రథం మీద వస్తాడు కాబట్టి ఆయనకు వాహన పాస్ తప్పదు. మృత్యువుకే గేటు మూసిన మహర్షికి మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది ఉపసంఘం చూస్తుంది.

పరాయి దేశాన్ని ఆడిపోసుకోవడం తేలిక. మన దగ్గర 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం 63వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగు ఉచితం, కొన్న బిల్లు చూపిస్తే గంట దాకా ఉచితం అని రాయాల్సి వచ్చింది. మన ఇంటి ముందు స్కూటరు దింపినంత మామూలు సంగతికి సర్కారీ జీవో. 2023 జనవరిలో సినిమా హాళ్ల కేసులో సుప్రీంకోర్టు, బయటి తిండి వద్దనే హక్కు యజమానిదేనంది. ఒకడు జిలేబీ తెచ్చి తిని చేతులు సీటుకు తుడిస్తే శుభ్రం చేసే ఖర్చెవరిదని ధర్మాసనం అడిగింది. న్యాయమైన ప్రశ్నే, కాదనను. లోపల అమ్మిన వెన్న పాప్‌కార్న్ చేతికి అంటదా అన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు. తాగేనీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నారు, అదొక్కటీ మన అరుగుల న్యాయానికి దగ్గరగా ఉంది.

గుమిగూడవద్దన్న మాట సోలాపూర్‌కు కొత్త కాదు. 1930 మేలో తెల్లదొరలు ఇక్కడ మార్షల్ లా పెట్టారు. గాంధీ టోపీ పెట్టుకోవడమే నేరమైంది. అప్పటి పోరులో ఉరికంబమెక్కిన నలుగురి విగ్రహాలు పార్క్ చౌక్‌లో, సరిగ్గా క్రికెట్ స్టేడియం పక్కనే ఉన్నాయి. వారి త్యాగాన్ని డబ్బా గొడవలోకి లాగడం మర్యాద కాదు, లాగను. కానీ ఒక్క తేడా గమనించక తప్పదు. ఆ తెల్లదొరలు టోపీ తీయమన్నారే గానీ, గేటు లోపల రెట్టింపు ధరకు వేరే టోపీ అమ్మలేదు.

మా మగ్గాల పేటకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో చిన్న ఆశ ఉంది. పిట్స్‌బర్గ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు 1975 నుంచి స్టేడియంలో పసుపుపచ్చ టెర్రీ తువ్వాళ్లు గిరగిరా తిప్పుతారు, వాటిని ఎవరూ ఆపరు. మేం నేసేది టెర్రీ తువ్వాళ్లే. నాలుగు భాకరీలూ చట్నీ పొట్లమూ పట్టేటట్టు, అంచు లోపల జేబు కుట్టి, పసుపు రంగులో, ఎంత సరుకు కావాలంటే అంత పంపిస్తాం. ఆర్డరిచ్చేవాళ్లు రంగు చిక్కదనం ముందే చెబితే మంచిది.